తెరచిన గ్రంథమునకు చదువరులు కావలెను

(రాజపాళయమున జరిగిన మన సంఘపు నెలవారీ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన పఠన మందిరములోని కంప్యూటర్ల విషయమై సభ్యులలో కొన్ని వారములుగా సాగుచున్న వాదోపవాదములు మీరెరిగినవే. ఆ యంత్రములు విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టముతో నడచుచున్నవి. దానికి సాధారణముగా ఇచ్చు రక్షణ సవరణలను మైక్రోసాఫ్టు వారు 2025 అక్టోబరు 14తో నిలిపివేసిరి. గడువు పొడిగింపు కోరినవారికి కొంతకాలము సవరణలు దొరకునుగాని, అది శాశ్వతమైన ఏర్పాటు కాదు. విండోస్ 11 మన పాత యంత్రములపై ఎక్కదు. కొత్తవి కొనుటకు సంఘము నిధి చాలదు.

ఇట్టి స్థితిలో మన యువకులు, "లినక్సు పెట్టుదము, అది ఓపెన్ సోర్సు, ఖర్చు లేదు, తెలుగు కూడ ఉన్నది" అనుచున్నారు. మిల్లులలోను దుకాణములలోను ఏండ్ల తరబడి లెక్కలు చూచిన పెద్దలు, "తాళము ఎట్లు చేసినదియు లోకమంతటికి చూపిన పెట్టెలో మన సభ్యుల పేర్లు, చిరునామాలు, చందాల లెక్కలు పెట్టుదుమా?" అని ప్రశ్నించుచున్నారు. నన్ను మాటలాడుమని కోరినది ఈ వివాదమును గూర్చియే.

నా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను. ఇరుపక్షముల మాటలోను సగము సత్యము కలదు. గ్రంథము తెరచియుండుట మంచిదే. కాని తెరచినంత మాత్రమున అందులోని తప్పులు దిద్దుకొనవు. దానిని చదువువారు, దిద్దువారు ఉండవలెను. ఆ చదువువారిలో మనవారు కూడ ఉందురా, ఉండరా అనునదే నేడు మన సంఘము తేల్చుకొనవలసిన సంగతి.

ఈ విషయము తెలియనివారికొరకు ఒక్క మాట. మన ఊరిలో మిల్లు మేస్త్రీని ఎరుగనివారు లేరు. ఏ పనివాడు ఏ యంత్రము వద్ద నిలువవలెనో, ఎవరికి ఎంత పత్తి ఇయ్యవలెనో, గోదాములోనికి ఎవరు పోవచ్చునో అతడే నిర్ణయించును. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టము అట్టి మేస్త్రీ. తక్కిన ప్రోగ్రాములన్నియు అతని క్రింది పనివారు. ఆ మేస్త్రీ ఏ వేళ ఏమి చేయవలెనో వ్రాసిపెట్టిన ఉత్తరువుల చిట్టాయే సోర్సు కోడు. ఆ చిట్టాను కంపెనీ తన బీరువాలో దాచుకొన్నచో అది మూసిన పద్ధతి. ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు అనుమతి ఇచ్చినచో అది ఓపెన్ సోర్సు.

ఈ రెండవ మార్గము నిన్న మొన్నటిది కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అను పేరుతో స్వేచ్ఛా వ్యవస్థ నిర్మాణమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును వెలువరించెను. నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనుకు ఆ కెర్నెలే పునాది. కనుక దానిని ఇంటిలోనికి రానిత్తుమా అని ఇప్పుడు చర్చించుట ఆలస్యమైన మాట. అది ఇప్పటికే మనలో పెక్కుమంది జేబులలో ఉన్నది.

మన రాష్ట్రమునకును ఇది క్రొత్త కాదు. చెన్నైలోని సీడాక్ వారు డెబియన్ లినక్సు ఆధారముగా బాస్ అను భారతీయ వ్యవస్థను 2007లో విడుదల చేసిరి. 2011లో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాపులు పంచ మొదలిడినప్పుడు విండోస్‌తో పాటు బాస్ కూడ వాటిలో చేరెను. మన బిడ్డలలోను ఆ ల్యాప్‌టాపులు పొందినవారున్నారు. వారిలో ఎందరు ఆ రెండవ తలుపు తట్టి చూచిరో వారినే అడుగుడు. ఈ పడమటి కనుమలు దాటినచో కేరళ వస్తుంది గదా, అక్కడ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు విద్యను ఓపెన్ సోర్సు మీదనే నడుపుచున్నారు. అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, బోధనలోను పరీక్షలోను దానినే వాడించిరి. ఇక్కడ యంత్రములో చేర్చి ఇచ్చితిమి. వస్తువు ఒక్కటే, దానిని పట్టించుకొన్న తీరు వేరు.

ఇక తెలుగువారము మనకు నేరుగా సంబంధించిన ఒక సంఘటనను జ్ఞాపకము చేసెదను. 2018 ఫిబ్రవరిలో మన లిపిలోని ఒక్క అక్షరము ప్రపంచమంతట ఆపిల్ ఫోనులను స్తంభింపజేసినది. జ్ఞా అను సంయుక్తాక్షరము నడుమ కంటికి కనబడని ఒక సంకేతము చేరి ఎవరికైనను సందేశముగా పోయినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయెడిది. తిరిగి తెరచినను ఆ అక్షరమునే చూపబోయి తిరిగి కూలెడిది. అల్లరి మూకలు దానిని ఒక ఆయుధముగా పంచుకొనిరి. "తెలుగు అక్షరము ఫోనులను చంపుచున్నది" అని పత్రికలు వ్రాసెను. తప్పు మన అక్షరమునది కాదు. అక్షరములను కూర్చు ప్రోగ్రాము మన సంయుక్తాక్షరములలోని ఆ ఒక్క రూపమును సరిగా లెక్కింపలేక, తనది కాని జ్ఞాపకశక్తి భాగమును పాడుచేసినది. అదే నెల 19న ఆపిల్ వారు సవరణ విడుదల చేసిరి. వారు వేగముగనే కదలిరి. అందు నిందింపవలసినది లేదు. కాని ఆ దినములలో ఇన్ని కోట్ల తెలుగువారిలో ఎంత పండితుడైనను, ఎంత నిపుణుడైనను ఆ చిట్టా తెరచి దోషము ఇచ్చట నున్నదని వ్రేలు పెట్టి చూపుటకు వీలు లేకపోయెను. మన అక్షరమునకు వచ్చిన జబ్బుకు మందు కొరకు వేరొకరి వాకిట నిలువవలసివచ్చెను.

ఆండ్రాయిడ్‌లోను, ఫైర్‌ఫాక్సులోను, లినక్సులోను అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము ఓపెన్ సోర్సు. అందు తెలుగు ఒత్తు తప్పుగా పడినచో ఎవరైనను పదము చూపి తెలుపవచ్చును. చేతనైనవారు సవరణనే వ్రాసి పంపవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ కార్యకర్తలు తెలుగు వ్యవస్థను తయారుచేయగలిగినది ఎవరి అనుమతి కొరకును వేచియుండవలసిన పని లేనందువలననే. రాష్ట్రము వెలుపల నివసించుచు, ఇంట మాట్లాడు భాషకు బడిలో చోటు వెదకుకొను మనవంటి వారికి ఈ హక్కు చిన్నది కాదు. అమ్మకములు చూచి భాషలను చేర్చు వర్తకుని లెక్కలో రాజపాళయపు తెలుగువారు ఏ పాటి?

ఇంతవరకు యువకుల పక్షము. ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వచ్చెదను. తాళపు నిర్మాణము దొంగకు తెలిసినచో పెట్టె క్షేమమేనా?

ఈ ప్రశ్నకు 1883లోనే పారిస్ నగరమున ఒక భాషోపాధ్యాయుడు సమాధానము చెప్పెను. ఆయన పేరు కెర్కాఫ్స్. సైన్యపు రహస్య లిపులను గూర్చి వ్రాయుచు, పద్ధతి శత్రువు చేతికి చిక్కినను బాధ లేకుండ ఉండవలెననియు, రహస్యము తాళపుచెవి యందు మాత్రమే ఉండవలెననియు ఆయన సూత్రీకరించెను. పద్ధతిని దాచుటయే రక్షణగా నమ్మినవాడు, అది బయటపడిన నాడు సర్వస్వమును కోల్పోవును. నూటనలువది ఏండ్లు దాటినను నిపుణులు ఈ మాటను విడువలేదు.

మూసిన పద్ధతియు తనంతట కాపాడలేదని చూపుటకు దూరము పోనక్కరలేదు. 2017 మే నెలలో వాన్నక్రై అను తెగులు ప్రపంచమంతట విండోస్ యంత్రములను పట్టి, ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడిగెను. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు నిలిచిపోయెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కంప్యూటర్లు కూడ కొన్ని దాని వాత పడెను. ఆ లోపమును అమెరికా గూఢచారి శాఖవారు ముందే ఎరిగియు తమ పనికి దాచుకొనిరి. అది దొంగల పాలైనది. అయినను మైక్రోసాఫ్టు వారు మార్చి నెలలోనే, అనగా రెండు నెలలు ముందుగనే, సవరణ ఇచ్చియుండిరి. పెక్కుచోట్ల దానిని ఎక్కించినవారు లేరు. మందు అలమరలో ఉండగనే రోగి పడిపోయెను.

పెద్దల వాదము ఇంతటితో వీగిపోయినదని యువకులు చప్పట్లు కొట్టవలదు. మీ వాదమునకును ఇట్టి పరీక్షయే కలదు. "అందరును చూచు కోడులో తప్పు దాగదు" అని మీరందురు. 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్ సంగతి వినుడు.

ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనునది ఓపెన్ సోర్సు. బ్యాంకులు, అంగళ్లు, ప్రభుత్వములు ఇంటర్నెట్టులో రహస్యముగా మాటలాడుటకు దానిని వాడుచుండిరి. అందు ఒక చిన్న ఏర్పాటు కలదు. ఈ కొస యంత్రము ఆ కొస యంత్రమునకు ఒక మాట పంపి, "ఇది ఇన్ని అక్షరముల మాట, నీవు బ్రతికియున్నచో తిరిగి పంపుము" అని అడుగును. నాలుగక్షరముల మాట పంపి, 64 వేల అక్షరములని అబద్ధమాడినచో ఏమగును? ఆ యంత్రము లెక్కింపకయే, నాలుగక్షరములు అయిపోయిన పిదప ప్రక్కనున్న కాగితములను చదువుచు పోయి, ఇతరుల సంకేతపదములు, రహస్యపు చెవులు అన్నియు అప్పగించెను. చీటీపై వ్రాసిన బరువును నమ్మి తూకము వేయకయే సరుకు ఇచ్చిన గుమాస్తా చేసినది ఇదియే. దిద్దుబాటు ఏమనగా, చెప్పిన కొలత నిజమా అని ఒక్కసారి చూచుట. అంతే.

ఆ తప్పు రెండేండ్లకు పైగా అందరి కన్నుల యెదుటనే ఉండెను. అందరును చదువవచ్చును గనుక ఎవరో ఒకరు చదివియుందురని ప్రతివారును అనుకొనిరి. ప్రపంచ వాణిజ్యము ఆధారపడిన ఆ పనికి ఆనాడు వచ్చు విరాళములు సంవత్సరమునకు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. నేనును ఉద్యోగ కాలమున ఒక కార్యాలయమున ఇట్టి లెక్క చూడని వరుసను వ్రాసితిని. నా ప్రక్కవాడు చదువకయే "సరి" అని సంతకము చేసెను. అతని కోడుకు నేను చేసినదియు అంతే. మా అదృష్టము కొలది అది దొంగకంటె ముందు మాకే దొరకినది. ఆనాటినుండి "ఎవరో చూచియుందురు" అను మాట విన్నప్పుడెల్ల నాకు భయము కలుగును.

ఈ దేశపు రైతునకు ఈ సంగతి పుస్తకములు చదువకయే తెలియును. చెరువు ఊరందరిది. తమిళ దేశమున కుడిమరామత్తు అను ఆచారము పూర్వమునుండి కలదు. ఏటేట ఆయకట్టు రైతులు తమ వంతు శ్రమ చేసి పూడిక తీసి, గట్టు వేసి, తూము బాగుచేయవలెను. ఆ ఆచారము సడలిన చోట చెరువు అందరిదై యుండియు ఎవరిదియు కాకపోయెను. 2017లో ప్రభుత్వము ఆ పేరుతోనే పనిని మరల ఆరంభింపవలసి వచ్చెను. ఓపెన్ సోర్సు అట్టి చెరువు. నీరు పారించుకొనుటకు అందరము వత్తుము. పార పట్టు దినమున ఎందరము వచ్చుచున్నాము?

పార పట్టువాడు ఒంటరియైనచో కలుగు ప్రమాదము 2024లో తేటపడెను. ఎక్స్‌జెడ్ అనునది ఫైళ్లను కుదించు చిన్న ఉపకరణము. దానిని ఒక వ్యక్తి ఏండ్ల తరబడి ఉచితముగా, ఒంటరిగా సాకుచుండెను. జియా టాన్ అను పేరుతో ఒకరు వచ్చి రెండేండ్లకు పైగా మంచి సవరణలు పంపి నమ్మకము సంపాదించిరి. ఆ ఒంటరివాని పని ఆలస్యమగుచున్నదని మరికొన్ని పేర్లతో ఒత్తిడియు వచ్చెను. తుదకు అధికారము చేతికి వచ్చిన పిమ్మట, ఆ క్రొత్తవారు దూరపు యంత్రములలో చొరబడుటకు ఒక దొంగదారి పెట్టిరి. అదియు అందరు చదువు కోడులో పూర్తిగా కనబడకుండ, పంపిణీకి కట్టిన మూటలో చేర్చిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రములోనికి ప్రవేశము సుమారు అర సెకను ఆలస్యమగుచున్నదని గమనించి, ఎందుకని వెదకి, మార్చి 29న లోకమునకు చాటెను. ఆయన మైక్రోసాఫ్టు ఉద్యోగి! మూసిన సంస్థలో కొలువు, తెరచిన గ్రంథమునకు కావలి. పక్షములు కట్టుకొని పోట్లాడుకొను మనకు ఇందులో పాఠము కలదు. కోడు తెరచియుండుటచేతనే ఆయన వెదకగలిగెను. వెదకు స్వభావము ఆయనకు ఉండుటచేతనే అది దొరకెను. ఈ రెండింటిలో ఏది లోపించినను ఆ దొంగదారి ఊరూర పాకెడిది.

ఇట్టి దెబ్బలు తిన్న పిమ్మట కోడు వ్రాయువారిలోను పెద్ద వివాదము బయలుదేరినది. ఒక పక్షము, ఉన్న కోడునే వరుస వరుసగా చదివి దిద్దవలెనని చెప్పును. 1995లో థియో డి రాట్ స్థాపించిన ఓపెన్ బీఎస్‌డీ వారు ఆ మార్గమునకు ప్రసిద్ధులు. హార్ట్‌బ్లీడ్ పిమ్మట వారు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ప్రతిని తీసికొని, మొదటి వారముననే 90 వేల వరుసలను కోసి పారవేసిరి. అక్కరలేని కోడు దొంగ దాగు పొద అని వారి మతము.

రెండవ పక్షము, దోషము భాషలోనే ఉన్నదని చెప్పును. లినక్సు వ్రాసినది 1970 దశకమున పుట్టిన సి భాషలో. అది వేగము కలది. కాని హద్దు దాటి చదివినను దానంతట అది అడ్డు చెప్పదు. జ్ఞా దోషమును, హార్ట్‌బ్లీడును ఈ హద్దు మీరుట అను జాతికి చెందినవే. తాము సవరించు రక్షణ లోపములలో నూటికి సుమారు 70 ఇట్టివేయని 2019లో మైక్రోసాఫ్టు వారు వెల్లడించిరి. రస్టు అను క్రొత్త భాష ఇట్టి తప్పులలో పెక్కింటిని వ్రాయు దశలోనే పట్టుకొని నిరాకరించును. 2022 డిసెంబరులో లినక్సు 6.1లో దానికి చోటిచ్చిరి. అంతట తగవు మొదలైనది. ముప్పది ఏండ్లుగా సి భాషలో కాపురము చేసిన పెద్దలు, "రెండు భాషల ఇల్లు మేము నడుపలేము" అనిరి. క్రొత్తవారు, "మా భాగము మేమే చూచుకొందుము" అనిరి. 2024లో ఆ పనిలో ముఖ్యులైన ఒకరు వివాదములతో విసిగి తప్పుకొనిరి.

ఈ తగవును మనకంటె బాగుగా అర్థము చేసికొనగలవారెవరు? ఇంట తెలుగు, బజారున తమిళము పలుకుచు పుట్టి పెరిగినవారము. రెండు భాషలు ఒక ఇంట ఉండగలవని మనకు తెలియును. అది వట్టి మాటలతో సాగదనియు తెలియును. ఏ భాషలో పత్రమును ఎవరు దిద్దవలెను, పిల్లలకు ఎవరు నేర్పవలెను అను బాధ్యత తేలని ఇంట చిన్న భాష మొదట జారిపోవును. రస్టు విషయమున పెద్దల భయమును ఇదియే, క్రొత్తవారి పట్టుదలయు ఇదియే. ఇంకొకటి మరువరాదు. ఎంత మంచి భాషయైనను ఎక్స్‌జెడ్ వంటి ద్రోహమును ఆపలేదు. హద్దు మీరుట వేరు. తాళపుచెవి ఇచ్చినవాడే దొంగయగుట వేరు. మొదటిదానికి మంచి పనిముట్లు చాలును. రెండవదానికి ఒకరికొకరు తోడుగా నుండు మనుష్యులు కావలెను.

కాబట్టి మన సంఘమునకు నేను సూచించునవి కొన్ని.

పఠన మందిరములోని పాత యంత్రములపై డెబియన్‌ను గాని బాస్‌ను గాని ఎక్కింతము. తెలుగు, తమిళము రెండును అందు పెట్టుదము. సభ్యుల వివరములున్న లెక్కల యంత్రమును మాత్రము తొందరపడి మార్చవలదు. దానిని ఇంటర్నెట్టునుండి తప్పించి, ప్రతిని వేరొకచోట భద్రపరచి, ఆరు నెలల అనుభవము చూచిన పిదప నిర్ణయింతము. ఇది పెద్దల మాటకు ఇయ్యవలసిన గౌరవము.

ప్రతి శనివారము సవరణలు ఎక్కించుటకు ఒక పేరు, ఆ వ్యక్తి ఊరిలో లేనప్పుడు చూచుటకు మరొక పేరు వ్రాసి, నోటుపుస్తకములో సంతకము చేయవలెను. పోలీసు కంప్యూటర్ల కథ మనకు నేర్పినది ఇదియే. ఊరు పేరు తెలియని చోటునుండి తెచ్చిన ప్రోగ్రామును ఎవరు తెచ్చినను ఎక్కింపరాదు.

మన యువతీయువకులలో కోడు నేర్చుచున్నవారు ఐదారుగురు నెలకొకసారి ఇచ్చటనే కూర్చుండవలెను. తెలుగు ఎచ్చట తప్పుగా కనబడునో, మెనూలలో ఏ మాట అర్థము కాకున్నదో గుర్తించి, ఆ వ్యవస్థల వారికి వ్రాసి పంపవలెను. ఒకరి కోడును మరొకరు నిజముగా చదివిన పిమ్మటనే "సరి" అనవలెను. ఇంట తెలుగు మాట్లాడియు తెలుగు చదువ నేర్వని పిల్లలకు, తప్పు వెదకుట అను నెపమున అక్షరములు కూడ పట్టుబడును. చివరిది, సంఘము చందాలలో ఏటికి ఒక చిన్న మొత్తమును మనము వాడు ఏదైన ఒక ఓపెన్ సోర్సు పనికి పంపవలెను. మొత్తము ఎంత అనునది ముఖ్యము కాదు. చెరువు నీరు వాడుకొన్న ఇల్లు గంప మట్టియైన ఎత్తవలెను.

మన ఊరి పేరు దేశమందు రెండు విధముల వినబడును. నూలు వలనను, కావలి కుక్క వలనను. నూలు మిల్లులో తెగిన పోగును చూచినవాడు అచ్చటనే అతికించును, బట్ట నేసిన పిదప చూతములే అని విడువడు. కావలి కుక్క గోడ ఎంత ఎత్తైనను నిద్రపోదు. ఈ రెండు గుణములును కలవారము గనుక, మన పిల్లలు లోకమునకు పనికివచ్చు గ్రంథమునకు మంచి చదువరులు కాగలరని నా నమ్మకము. సూచనలపై చర్చ జరిపి, అంగీకరించినను తిరస్కరించినను కారణములతో నిర్ణయింపుడని కోరుచున్నాను.